ఆవిడ అనని మాట

ఆవిడ పోయిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. నరసాపురం లేసు సంఘం కార్యదర్శి గారు పెట్టిన మెసేజ్ అది. పైన ఫోటో. తెల్లటి రాతి తోరణం కింద, చీర మీద నా బూడిదరంగు స్వెట్టర్ వేసుకుని, ఒళ్ళో లేసు పెట్టుకుని, కెమెరా వైపు కాకుండా తన వేళ్ళ వైపే చూసుకుంటున్న ముసలావిడ. ఆ ఫోటో తీసింది నేనే. కింద, పువ్వుల బొమ్మల మధ్య, ఆవిడ చెప్పిన మాటలంటూ వేశారు: "నా చేతిపని దేశదేశాల్లో బల్లల మీద ఉంది. చిన్నప్పుడే నా కూతురికీ నేర్పాను. ఇంతకంటే ఏం కావాలి?"

ఆ మాటలు ఆవిడ అనలేదు. నేను అన్నాను. అదీ ఇంగ్లీషులో. ఎవరో వాటిని మళ్ళీ తెలుగులోకి తెచ్చి ఆవిడ నోట్లో పెట్టారు. మెసేజ్ కింద వరసగా అందరూ దణ్ణాల బొమ్మలు పెడుతున్నారు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టాక నా మీద నాకే రోత పుట్టి ఫోన్ అవతల పడేశాను.

ముప్పై ఏళ్ళు భీమవరంలో ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన మనిషిని నేను. పిల్లలు అనువాదంలో ఒక్క ముక్క వదిలేస్తే మార్కులు కోసేదాన్ని. "రాసినవాడు చెప్పింది చెప్పండి, మీకు తోచింది కాదు" అని క్లాసులో అరిచేదాన్ని. అంత గొంతు చించుకున్నదాన్ని, ఒక్కసారి ఒక మనిషి మాటని ఇంకొకరికి అందించమని నన్ను నమ్మి తీసుకెళితే ఏం చేశానో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను.

ఏడేళ్ళ కిందట, కరోనాకి ముందు ఏడాది, క్రొయేషియా దేశంలో దుబ్రోవ్నిక్ అనే ఊళ్ళో చేతిపనుల ప్రదర్శన పెట్టారు. సముద్రం ఒడ్డున చుట్టూ కోటగోడ ఉన్న పాత ఊరు. రకరకాల దేశాల నుంచి అల్లికలు చేసేవాళ్ళని పిలిచారు. మన లేసు సంఘం తరఫున ఆవిడని ఎంచారు. ఆవిడకి తెలుగు తప్ప ఇంకో భాష రాదు కాబట్టి తోడుగా నన్ను పంపారు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను మేడంగారూ అనేది, ఎన్నిసార్లు వద్దన్నా.

వీసా కాగితాల కోసం మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళాను. నరసాపురానికి అవతల, కాలవ గట్టు మీద రెండు గదుల డాబా. గుమ్మంలోనే ఆవిడ నా చీర చెంగు పట్టుకుని తిరగేసి చూసింది. పలకరింపు ఆ తర్వాతే. ముందు నా చీర వెనకవైపు ఎలా ఉందో చూడాలి. ఆవిడ అలవాటే అంత. దుప్పటి, కర్టెన్, బస్సులో ముందు సీటు మీది గుడ్డ, ఏది కనిపించినా చెయ్యి దానంతటదే వెళ్ళి తిరగేసేది.

అదెందుకో చెప్పాలంటే ఆ పని సంగతి కొంచెం చెప్పాలి. ఆ వైపు లేసు గుడ్డ ఒక్కరి చేతిలో తయారవదు. కొందరు ఇళ్ళల్లో కూర్చుని విడివిడిగా పువ్వులు అల్లుతారు. అది చేతిపని. ఆ పువ్వులన్నిటినీ కలిపి గుడ్డ చేసేవాళ్ళు వేరే ఉంటారు. అది అతుకుపని. ఆవిడది అతుకుపని, అతకడానికి గుడ్డ లేనప్పుడు మాత్రం చెయ్యి ఊరుకోక తనూ పువ్వులు అల్లేది. "పైన అందంగా ఉండటం పువ్వు అల్లినోళ్ళ గొప్పండి. కింద ముడి కనపడకపోవటం మా గొప్ప. కనపడిందంటే ఇంక తలెత్తుకోలేం" అనేది. అయితే గుడ్డ పూర్తయ్యాక నలిగిపోయి, చేతి మురికి పట్టి, ఏజెంటు సంచిలో చుట్టచుట్టుకుని పోయేది. ఉతికి ఇస్త్రీ చేసి బల్ల మీద పరిచిన గుడ్డని ఆవిడ అప్పటిదాకా చూడనే లేదు.

ఇంకో అలవాటు, దూరాలన్నీ పువ్వుల్లో చెప్పడం. నరసాపురం నుంచి భీమవరం పాసింజర్‌లో మూడు పువ్వులు. ద్రాక్షారామం వెళ్ళి రావడం ఒక పూట కాదు, పద్దెనిమిది పువ్వులు. హైదరాబాదులో విమానం ఎక్కాక, "ఎన్ని పువ్వులు పడుతుందో మేడంగారూ" అని సంచిలోంచి దారం, అల్లిక సూది తీసింది. పక్కసీటు ఆయన నిద్రలేచి చూసేసరికి ఆయన మోకాలి మీద కూడా లేసు ఉంది.

సరే, ఆ వీసా రోజుకి వస్తాను. ఆవిడ ఉండేది కూతురి దగ్గరే. ఆ అమ్మాయికి అప్పటికి నలభై దగ్గర. రొయ్యల షెడ్డు నుంచి అప్పుడే వచ్చి, చేతులు నిమ్మకాయతో తోముకుంటూ నా ఎదురుగా నిలబడింది. నేను ఫారం నింపుతున్నాను. నాకు తిన్నగా, ఆమెకి తలకిందులుగా ఉంది ఆ కాగితం. "పిన్ కోడ్‌లో ఒక అంకె వదిలేసేరండి" అంది మెల్లిగా. చూస్తే నిజమే.

"చదువుకున్నావా అమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది కానీ జవాబు తల్లి చెప్పింది. "దానికి చదువబ్బలేదండి. ఆరులోనే మానేసింది. మొద్దు" అని, అల్లుతున్న పువ్వు మీదనుంచి తల ఎత్తకుండా. ఆ మాట ఎన్ని వందలసార్లు వాడి అరిగిపోయిందో గాని, ఇద్దరిలో ఎవరికీ అది గుచ్చుకున్నట్టు కనిపించలేదు. నేనూ నవ్వేసి కాగితాలు సర్దుకున్నాను.

దుబ్రోవ్నిక్ అందమైన ఊరే. నేను ఏళ్ళ తరబడి ఫోటోల్లో చూసి చూసి ఉన్నాను. ఎర్ర పెంకుల ఇళ్ళు, కింద నీలం సముద్రం, జనం నడిచి నడిచి అద్దంలా నున్నబడిన రాతి వీధి. ఆవిడ ఆ వీధి మొదట్లో చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. ఎందుకండీ అంటే, "ఇంత శుభ్రంగా ఉంటే తొక్కబుద్దెయ్యట్లేదండి" అంది. మూడు రోజులూ ఆ వీధిలో చెప్పులు చేతిలోనే ఉన్నాయి. చలికి కాళ్ళు కొంకర్లు పోతున్నా వినలేదు. నా స్వెట్టర్ మాత్రం వేసుకుంది. మొదట అదీ తిరగేసి చూసి, మిషను పని అని తేల్చాకే.

రెండోరోజు పొద్దున్న కోటగోడ ఎక్కుదామని నేనే పట్టుబట్టాను. ఊరి చుట్టూ గోడ మీద నడుస్తూ ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఊరు చూడొచ్చు. అందరూ సముద్రం వైపు తిరిగి ఫోటోలు తీసుకుంటున్నారు. ఆవిడ లోపలి వైపే చూస్తోంది. అక్కడ గోడకి ఆనుకుని ఉన్న ఇళ్ళ పెరళ్ళు, తీగల మీద ఆరేసిన బట్టలు, ఒక పిల్లి, ఒక విరిగిన కుర్చీ. ఒకావిడ దిండు గలేబులు ఆరేస్తోంది. గోడ మీద నుంచి పదిమంది ఆమెని ఫోటో తీస్తున్నారు. నేనూ ఫోన్ ఎత్తాను.

ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఇటు తిప్పింది. "చూడకండి మేడంగారూ. అది వాళ్ళిల్లు" అంది. కాస్త దూరం నడిచాక మళ్ళీ తనే, "ఇంతమంది పైనుంచి చూస్తంటే ఎలా బతుకుతారండి పాపం" అంది. నాకు అప్పుడు కొంచెం కోపం కూడా వచ్చింది. ఇంత దూరం వచ్చి సముద్రం చూడదేమిటీ మనిషి అని. మా నరసాపురంలో లేదా సముద్రం అంటుందని భయపడి ఆ మాట పైకి అనలేదు.

ప్రదర్శనలో ఆవిడ పక్క స్టాలు ఆ ఊరి ముసలమ్మది. ఆమె సూదితో లేసు కుట్టేది. ఇద్దరికీ భాష లేదు. అనువాదానికి నేను కుర్చీ లాక్కుని తయారుగా కూర్చున్నాను. వాళ్ళు నన్ను కన్నెత్తి చూడలేదు. ఒకరి గుడ్డ ఒకరు తీసుకుని, ఇద్దరూ ఒకేసారి తిరగేశారు. ఆమె ఒకచోట వేలు పెట్టి కనుబొమ్మలు ఎగరేసింది. ఈవిడ ఆమె గుడ్డలో ఒకచోట గోరు పెట్టి చూపించింది. దొంగలు దొరికినట్టు ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు తప్ప ఆ మూడు రోజుల్లో ఆవిడ నవ్వింది నాకు గుర్తులేదు.

చివరి రోజు, పాత రాతి మండపంలో సభ. ఒక్కో దేశం వాళ్ళతో కొంచెంసేపు మాట్లాడిస్తారు. కొనుగోలుదారులు కూడా వచ్చారు. పొద్దున్నే సంఘం కార్యదర్శి గారు నాకు ఫోన్ చేశారు.

"మేడంగారూ, అక్కడ అంతా బాగా జరుగుతుంది కదండి. ఒక్క విషయం. చిన్నపిల్లలు పని చేసేరన్న మాట మాత్రం ఎక్కడా రాకూడదండి. ఆ మాట చెవిన పడితే వాళ్ళింక మన గడప తొక్కరు. ఊళ్ళో ఆడోళ్ళందరూ చేతులు ముడుచుకుని కూర్చోవాలి."

"ఆవిడకి అలాంటి మాటలు రావులెండి" అన్నాను నేను.

సభ నడిపే అమ్మాయి చక్కగా ఉంది, ఆ మాటా చక్కగానే అడిగింది. "ఇంత ఓపికగా అల్లుతున్నప్పుడు మీరు ఏం ఆలోచిస్తారు?" అని. నేను తెలుగులో చెప్పాను. లెక్క తప్పకుండా చూసుకుంటామండి, అంతే, అంటుందనుకున్నాను. మూడు రోజులుగా ఎవరేం అడిగినా అదే జవాబు.

ఆవిడ చేతిలో పని ఆపింది. విమానంలో ఆపలేదు, అన్నం తినే ముందు క్షణం దాకా ఆపదు. అలాంటిది సూది తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎదురుగా ఉన్న జనాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, నా వైపు తిరక్కుండా వాళ్ళతోనే చెప్పింది.

"ఒక గుడ్డ గురించి ఆలోచిస్తానండి. పన్నెండు కుర్చీల బల్ల మీద ఏసేది. ఏజెంటు గారు నెల్రోజుల్లో కావాలన్నారు, ఓడకి అందాలంట. నా ఒక్కదాని వల్ల కాదని మా అమ్మాయిని బడి మానిపించేను. ఆరో తరగతి. దాని చెయ్యి నాకంటే చురుకు. ఈ ఒక్క గుడ్డే అనుకున్నాను. తర్వాత ఇంకో గుడ్డ ఒచ్చింది. లెక్కల మాస్టారు రెండుసార్లు మా ఇంటికొచ్చేరు. పిల్ల మంచి తెలివైందమ్మా, పంపించమ్మా అని బతిమాలేరు. దాన్ని కాలవకి నీళ్ళకి పంపేసి ఆయనతో మాట్లాడేను. పంపనని చెప్పేసేను. అది ఒచ్చేక, మాస్టారు నీకు బుర్ర లేదన్నారే, మానిపించెయ్యమన్నారే అని చెప్పేను. లేపోతే బడికెళ్తానని ఏడుస్తది కదండి. అప్పట్నించి అది మాస్టారు ఎదురొస్తే పక్క సందులోంచి పోయేది. ఇప్పటికీ దానికి బుర్ర లేదనే అనుకుంటంది. నేనూ అందరి దగ్గరా అదే అంటన్నాను. ఆ గుడ్డ ఇటేపే ఎక్కడికో ఒచ్చుంటది. మీలో ఎవరింట్లోనన్నా ఉంటే ఓసారి తిరగేసి చూడండి. అందులో సగం అతుకులు పదకొండేళ్ళ పిల్లయ్యి."

చెప్పి నా వైపు చూసింది. చెప్పమన్నట్టు.

జనం నా వైపు తిరిగారు. నేను నోరు తెరిచాను. ఆవిడ చేతిపని దేశదేశాల్లో బల్లల మీద ఉందనీ, చిన్నప్పుడే కూతురికి కూడా నేర్పిందనీ, ఇంతకంటే ఏం కావాలంటోందనీ ఇంగ్లీషులో చెప్పాను. వ్యాకరణంలో తప్పు లేదు. సభ నడిపే అమ్మాయి దాన్ని వాళ్ళ భాషలో చెప్పింది. మండపం అంతా చప్పట్లు. ఒకరిద్దరు లేచి నిలబడ్డారు కూడా.

ఆవిడ వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. చప్పట్లు ఆగాక మెల్లిగా అడిగింది.

"నేను చెప్పింది చెప్పేరాండి?"

"చెప్పానండీ."

"మరి చప్పట్లు కొడతన్నారేంటండి?"

నేను తల వంచుకుని చీర చెంగు సర్దుకున్నాను. ఆవిడ రెండోసారి అడగలేదు. సూది చేతిలోకి తీసుకుంది. దారం ఎక్కడ ఆపిందో వెతుక్కోవడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది.

ఊళ్ళో ఆడవాళ్ళ పని నిలబెట్టానని నాకు నేను చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అందులో నిజం లేకపోలేదు. ఆ ఏడాది ఆర్డర్లు బాగానే వచ్చాయి. కానీ ఆ క్షణంలో నా నోరు మూయించింది కార్యదర్శి గారి ఫోన్ ఒక్కటే కాదు. అంతమంది పెద్దమనుషుల ముందు, మా వైపు మనిషి అలా తన తప్పు తను విప్పుకుని కూర్చోవడం నాకు నామోషీగా అనిపించింది. గోడ మీద నుంచి మన పెరడు చూస్తున్నారనిపించింది. ఆవిడ కప్పమనలేదు. చూడమనే అడిగింది. కప్పింది నేను.

తిరుగు ప్రయాణంలో ఆవిడ మామూలుగానే ఉంది. నా టీలో పంచదార వేసి కలిపి ఇచ్చింది. నాకు అది ఇంకా కష్టంగా ఉండింది.

తర్వాత ఏడాదికి, ఒక ఆదివారం, భీమవరంలో మా ఇంటికి వచ్చింది. రెండు సొరకాయలు తెచ్చింది. సోఫా కవరు తిరగేసి చూసింది. మంచినీళ్ళు తాగి, చాలాసేపు దారమూ సూదీ తీయకుండా ఉత్తినే కూర్చుంది. వెళ్ళడానికి లేచాక, గుమ్మం దగ్గర అంది.

"నేనక్కడ చెప్పింది మీకు గుర్తుందాండి?"

"ఉంది పిన్నిగారూ."

"మా అమ్మాయితో ఓసారి మాట్లాడతారా మేడంగారూ? దాని ఎదర నాకు నోరు పెగలట్లేదండి. మీకైతే మాటలొచ్చు."

"తప్పకుండా" అన్నాను.

"ఆయ్, మీరు చెప్తే బాగుంటదండి" అని చెప్పులు వేసుకుంది.

తప్పకుండా అనే మాట మన వైపు ఎంత తేలిగ్గా నోటికొస్తుందో అందరికీ తెలుసు. కరోనా వచ్చింది. తర్వాత నా మోకాళ్ళు. తర్వాత రిటైర్మెంటు కాగితాల గొడవ. అన్నీ నిజమే, ఒక్కటీ కారణం కాదు. ఆ కూతురికి తల్లి ఆడిన అబద్ధం గురించి చెప్పాలంటే ముందు నేను ఆడినదాని గురించి చెప్పాలి. అది చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆవిడ ఆర్నెల్లకోసారి ఫోన్ చేసేది. ఆ సంగతి ఎత్తేది కాదు. "మా ఊరెప్పుడొస్తారు మేడంగారూ" అని మాత్రం అడిగేది. వానలు తగ్గాక అనేదాన్ని, ఎండలు తగ్గాక అనేదాన్ని.

మెసేజ్ చూసిన మూడోరోజు పరామర్శకి వెళ్ళాను. చుట్టాలు భోజనాలు చేసి వెళ్ళిపోయారు. ఇంట్లో కూతురు ఒక్కతే ఉంది. తల్లి మంచం మీది దుప్పటి మడతపెడుతోంది. నన్ను చూసి కుర్చీ వేసింది. ఆఖరి రోజుల సంగతి చెప్పింది. చూపు బాగా తగ్గిపోయిందట, అయినా వేళ్ళతో తడుముకుని అల్లుతూనే ఉందట. తర్వాత, "నాకు నేర్పేనని అక్కడ అందరికీ గొప్పగా చెప్పిందంటగా అండి. ఫోన్లో చూసేను. ఇక్కడ ఎప్పుడూ మొద్దు అనేది గాని" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆ అమ్మాయి మొహంలో చిన్న సంతోషం ఉంది. నేను చేసినదానికి నాకు దక్కిన శిక్ష అదే అనుకుంటాను.

అక్కడే ఊరుకుని ఉంటే ఆ సంతోషం ఆమెకి మిగిలేది. ఊరుకోలేకపోయాను. మంచిపని చేశానో, నా బరువు తీసి ఆమె మీద పెట్టానో ఇప్పటికీ నాకు తెలియదు. అంతా చెప్పాను. పన్నెండు కుర్చీల బల్ల గుడ్డ, లెక్కల మాస్టారు రెండుసార్లు రావడం, తనని కాలవకి పంపడం, ఆయన నిజంగా ఏమన్నాడో, తల్లి ఏమని మార్చి చెప్పిందో, ఆ తల్లి మాటని నేను ఏమని మార్చి చెప్పానో.

ఆ అమ్మాయి దుప్పటి పట్టుకుని అలాగే నిలబడింది. సగం వేసిన మడత విప్పేసి అడిగింది.

"మాస్టారు అలా అన్లేదాండి?"

"లేదమ్మా. తెలివైంది, పంపించమని బతిమాలారట."

"ఆయన పోయి పదేళ్ళు దాటిందండి. పోయినప్పుడు కూడా నేను చూట్టానికి ఎళ్ళలేదు." దుప్పటి మళ్ళీ మడతపెట్టింది. "అమ్మ మీతో ఎప్పుడు చెప్పిందండి ఇదంతా?"

"ఏడేళ్ళయిందమ్మా. నీకు చెప్పమని నన్ను అడిగింది కూడా. ఇంటికొచ్చి మరీ అడిగింది."

కోప్పడుతుందనుకున్నాను. పడితే బాగుండుననుకున్నాను. ఆమె దుప్పటి తీసి మంచం మీద పెట్టి, దాని అంచు సరిచేసి, నా వైపు చూడకుండా అంది.

"అమ్మ ఉండగా చెప్పుంటే, ఓసారి అమ్మతో పోట్లాడేదాన్ని కదండీ."